రాయి పగిలే గదిలో సన్నాయి

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. ఫిబ్రవరి వచ్చిందంటే మాకు ఊపిరి సలపదు. తెల్లారకముందే టిక్కీలు, అంటే మిరపకాయ బస్తాలు, దిగుతాయి, బేరాలవుతాయి, కాటాలు పడతాయి, సాయంత్రానికి రైతు చేతికి అమ్మకం లెక్కల పట్టీ ఇవ్వాలి. ఏప్రిల్ దాకా ఇదే పరుగు. ఎండ ముదిరేకొద్దీ ఒంట్లో నీరంతా చెమటగా పోతుంది. మిరపకాయ ఘాటుకి గొంతు మండుతూనే ఉంటుంది, అయినా పని మధ్యలో మాటిమాటికీ లేవడం కుదరదని యార్డులో చాలామంది నీళ్లు తక్కువే తాగుతారు. మా వైపు కిడ్నీలో రాయి పడని ఇల్లు తక్కువ.

నాకు నొప్పి మార్చిలో వచ్చింది. ఎడమ పక్క నడుములో పట్టేసినట్టు మొదలై గజ్జల్లోకి దిగింది. కూర్చోలేను, నిలబడలేను, పడుకోలేను. వాంతులు. మా ముఠా మేస్త్రి నన్ను చూసి, "గుమాస్తా గారూ, ఇది రాయి నొప్పే. మా తమ్ముడు ఇట్టాగే దొర్లాడు" అని ఆటో ఎక్కించి తనూ పక్కన కూర్చున్నాడు. ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఇచ్చాక ప్రాణం కుదుటపడింది. స్కానింగులో ఎడమ కిడ్నీ వాచిందని తెలిసింది. సీటీలో రాయి కనిపించింది. 14 మిల్లీమీటర్లు, మూత్రం కిడ్నీలోంచి నాళంలోకి దిగే చోట. చిన్న రాయైతే నీళ్లు తాగించి, మందులిచ్చి ఎదురుచూడొచ్చునని, ఇది దానంతటది వచ్చేది కాదని యూరాలజిస్టు చెప్పారు. ముందు లిథోట్రిప్సీ చేద్దామన్నారు.

రాయి కథలు అందరికీ తెలిసినవే. నేను రాయాలనుకుంటున్నది, ఆ తర్వాత జరిగిన మూడు చికిత్సల్లో బల్ల మీద ఉన్నంతసేపూ నా చెవిలో ఏం వినిపించింది, అది నాకు ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ పనికిరాలేదు అన్న సంగతి. ఈ మూడూ నేను మెలకువగా ఉండగానే జరిగాయి. ఇలా మెలకువలో చికిత్స చేయించుకునేవాళ్లు మన చుట్టూ ఎంతోమంది ఉన్నారు. వాళ్ల భయం గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ.

లిథోట్రిప్సీ అంటే కోత ఉండదు. ఒంటి బయటినుంచి షాక్ తరంగాలు పంపి లోపలి రాయిని పొడి చేస్తారు. 1980 ఫిబ్రవరిలో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదటిసారి మనిషికి ఇలా చేశారు. ఆ యంత్రం తయారుచేసింది డోర్నియర్ అనే విమానాల కంపెనీ. వేగంగా పోయే విమానానికి వాన చినుకు తగిలితే లోహంలో ఎలాంటి తరంగం పుడుతుందని వాళ్లు చేసిన పరిశోధన చివరికి కిడ్నీ రాళ్ల దగ్గరికి వచ్చింది. అప్పట్లో రోగిని నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టేవాళ్లు. ఇప్పుడు నడుము కింద జెల్ రాసి, నీళ్లు నింపిన మెత్తటి సంచీలాంటిది ఆనిస్తారు. దెబ్బ దెబ్బకీ "టక్" మని చప్పుడు. నిమిషానికి అరవై నుంచి తొంభై దాకా. మొత్తం రెండు మూడు వేల దెబ్బలు పడతాయి.

ముందు నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు. మొదట్లో పవర్ తక్కువగా పెట్టి మెల్లగా పెంచుతారు కాబట్టి కాసేపటిదాకా ఫరవాలేదనిపించింది. పెంచేకొద్దీ చర్మం మీద రబ్బరుబ్యాండు లాగి వదిలినట్టు చురుకు, లోపల పక్కటెముక దాకా ఒక మొద్దు నొప్పి. విడిగా ఒక్కో దెబ్బ భరించలేనిది కాదు. ఇంకొకటి వస్తుంది, ఇంకొకటి వస్తుంది అని తెలిసి ఎదురుచూడటమే కష్టం. ఆ ఎదురుచూపులో ఒళ్లంతా బిగదీసుకుంటాం. టెక్నీషియన్ కుర్రాడు మంచివాడు. "అంకుల్, గట్టిగా ఊపిరి పీల్చకండి, చిన్నగా, ఒకేలాగ పీల్చండి" అని చెబుతూనే ఉన్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా కిడ్నీ పైకీ కిందకీ కదులుతుంది, దాంతోపాటు రాయీ కదులుతుంది. గురి తప్పితే దెబ్బ రాయికి తగలకుండా పోతుంది. అంటే నేను ఎలా ఊపిరి తీస్తున్నానన్నది కూడా చికిత్సలో భాగమే.

ఆ గదిలో పాటలు ముందునుంచే ఉన్నాయి. గోడకి బిగించిన చిన్న స్పీకరులోంచి ఎవరి ఫోనులోవో సినిమా పాటలు, హుషారైనవి, మధ్యమధ్యలో ప్రకటనలు. రోగికి కాస్త ఊరట అని పెట్టి ఉంటారు. నాకు మాత్రం అది ఇంకో బాధ అయింది. పాట దరువు ఒక వేగంలో పోతోంది, యంత్రం టక్కుటక్కు ఇంకో వేగంలో. రెండూ కలిసే చోటు కోసం చెవి వెతుక్కుంటుంది, దొరకదు. ఆ రెండిటి మధ్య నా గుండె మూడో వేగంలో కొట్టుకుంటోంది. కాసేపటికి రాయి ఎక్కడుందో మళ్లీ చూసుకోవడానికి యంత్రం ఆపారు. అప్పుడు అడిగాను, "బాబూ, ఆ పాటలు ఆపి, నా ఫోను, ఇయర్‌ఫోన్ ఇస్తావా?" అని. ఒక్క చెవికి పెట్టుకోండి, నా మాట వినపడాలి అన్నాడు.

నా ఫోనులో ఉన్నవి ఎక్కువగా నాదస్వరమే. మా సొంతూరు చిలకలూరిపేట దగ్గర. ఆ చుట్టుపక్కల తరతరాలుగా నాదస్వరం వాయించే కుటుంబాలున్నాయి. వాళ్లలో చాలామంది ముస్లింలు. రాముల వారి కల్యాణానికీ, పెళ్లిళ్లకీ, ఊరేగింపులకీ వాళ్ల సన్నాయి లేనిదే మాకు పని జరగదు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా సాహెబ్ పేరు మా తాతయ్య దేవుడి పేరు తలిచినట్టు తలిచేవాడు. ఆయన రికార్డింగుల్లో రాగాలాపనలు నాకు చిన్నప్పటినుంచీ చెవిలో ఉన్నాయి. సంగీతం నేర్చుకున్నవాణ్ని కాదు. ఖరహరప్రియకీ కాంభోజికీ తేడా చెప్పగలను, స్వరాలు మాత్రం రాయలేను. అయితే ఏ మలుపు తర్వాత ఏ మలుపు వస్తుందో చెవికి తెలుసు.

ఖరహరప్రియ ఆలాపన పెట్టుకున్నాను. ఆలాపనకి తాళం ఉండదు కాబట్టి యంత్రంతో పేచీ లేదు. యంత్రం దాని మానాన అది కొట్టుకుంటూ పోతోంది, దాని మీదుగా సన్నాయి తనకి తోచిన నిడివిలో సాగుతోంది. నాదస్వరం ఊపిరితో పలికే వాద్యం. శ్రద్ధగా వింటే వాయించేవాడు ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో తెలుస్తుంది. ఒక పొడుగాటి స్వరాల వరస అయిపోయి, పక్కన శ్రుతి ఒక్కటే మిగిలే ఆ అర క్షణం. ఆయన ఒక ఊపిరిలో నేను ఎన్ని చిన్న ఊపిరులు తీస్తున్నానో గమనించడం మొదలుపెట్టాను. టెక్నీషియన్ చెప్పిన చిన్న ఊపిరి, ఒకేలాంటి ఊపిరి, ప్రయత్నం లేకుండానే వచ్చింది. దెబ్బలు ఆగలేదు, నొప్పీ పోలేదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎదురుచూడటం మాత్రం పోయింది. ఎదురుచూడటానికి నాకు వేరే దొరికింది, పై షడ్జమం, అంటే పై స్థాయి "స". రాగం మెల్లగా దాని వైపు ఎక్కుతూ, అందీ అందనట్టు వెనక్కి వస్తూ, చివరికి వెళ్లి నిలబడుతుంది. అది నిలబడినప్పుడు పవర్ పెంచారట. ఆ సంగతి టెక్నీషియన్ తర్వాత చెప్తే తెలిసింది.

ఇంటికొచ్చాక దీనికి కారణం ఏమై ఉంటుందా అని చదివాను. నొప్పి అనేది దెబ్బ తగిలిన చోటినుంచి మెదడుకి తిన్నగా వెళ్లిపోయే కబురు కాదని, వెన్నుపాములో దానికి ఒక ద్వారం లాంటిది ఉంటుందని 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు ప్రతిపాదించారు. కిందినుంచి వచ్చే ఇతర స్పర్శలు, పైనుంచి మెదడు పంపే సంకేతాలు ఆ ద్వారాన్ని కొంత తెరవనూ గలవు, కొంత మూయనూ గలవు. వాళ్లు చెప్పిన వివరాల్లో కొన్ని తర్వాత మారాయి. అసలు ఆలోచన మాత్రం నిలిచింది. భయం, ధ్యాస, ఇంతకుముందు పడ్డ బాధ, వీటన్నిటికీ నొప్పిలో వాటా ఉంది. ఆ బల్ల మీద నా ధ్యాస ఎటు ఉన్నదన్నది ఊరికే మనసుకి చెప్పుకునే ఓదార్పు మాట కాదని అప్పుడు అర్థమైంది.

ఇంకో సంగతి నన్ను బాగా పట్టుకుంది. 1959, 60ల్లో అమెరికాలో వాలెస్ గార్డ్‌నర్ అనే పళ్ల డాక్టరు, లిక్‌లైడర్ అనే శాస్త్రవేత్త కలిసి పళ్ల చికిత్సలో ధ్వనితో నొప్పి తగ్గించే పద్ధతిని ప్రయత్నించారు. ఈ లిక్‌లైడరే తర్వాత ఇంటర్నెట్‌కి దారి వేసినవాళ్లలో ఒకరిగా పేరు తెచ్చుకున్నాడు. రోగి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక చిన్న పెట్టె ఇచ్చేవాళ్లు. మామూలుగా సంగీతం వినొచ్చు, నొప్పి వస్తుందనిపిస్తే జలపాతంలాంటి హోరు పెంచుకోవచ్చు. పెంచడం, తగ్గించడం రోగి చేతిలోనే. ఆ పరికరాల జోరు తర్వాత తగ్గిపోయింది గానీ, ఆ మీట రోగి చేతికివ్వాలన్న ఆలోచన ఎంత గొప్పదో బల్ల మీద పడుకున్నవాడికే తెలుస్తుంది. ఆ గదిలో మన చేతిలో ఉండేది ఏదీ లేదు. ఒంటి మీద గుడ్డ కూడా మనది కాదు. ధ్వని ఒక్కటి మన చేతిలో ఉంటే మనిషికి ధైర్యం వస్తుంది.

2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి ముందుగానీ, జరుగుతున్నప్పుడుగానీ, తర్వాతగానీ సంగీతం వినిపించిన 73 ప్రయోగాలను కలిపి చూశారు. నొప్పి, ఆందోళన, నొప్పి మందుల వాడకం తగ్గాయని తేలింది. ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు మాత్రం తగ్గలేదు. పూర్తి మత్తులో ఉన్నవాళ్లకి వినిపించినా కొంత ఫలితం కనిపించిందట. అందులోనే ఇంకో మాట ఉంది. సంగీతాన్ని ఎవరు ఎంచుకున్నారన్నది ఫలితంలో పెద్ద తేడా తేలేదని. ఆ లెక్కని నేను కాదనను. వేలమందిని కలిపి తీసిన సగటు అది. అయితే నా ఒక్కడి విషయంలో, స్పీకరులో పాటలకీ నా చెవిలో సన్నాయికీ మధ్య ఉన్న తేడా నేను ఒంటితో చూసినది. రోగిని అడగడానికి అర నిమిషం పడుతుంది. సగటు ఎలా ఉన్నా అడగాలనే నా అభిప్రాయం.

లిథోట్రిప్సీ అయ్యాక మూత్రంలో ఎర్రగా, ఇసుకలాగా పడుతుందని, జాలీలో పట్టి దాచమని చెప్పారు. చలిజ్వరం వస్తే మాత్రం అర్ధరాత్రైనా సరే వెంటనే రమ్మన్నారు. అడ్డుపడిన కిడ్నీలో ఇన్‌ఫెక్షన్ ప్రమాదం. కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత ఒక రాత్రి పగిలిన ముక్కలు నాళంలో వరసగా ఇరుక్కున్నాయి.

ఆ రాత్రి గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. సంగీతం ఏమాత్రం పనిచేయలేదు. మా ఆవిడ కంగారులో ఇయర్‌ఫోన్లు తెచ్చి, "ఏవండీ, ఆ సన్నాయి పెట్టమంటారా?" అంది. పెట్టింది. రెండు నిమిషాలు కూడా ఉంచుకోలేకపోయాను. నాకు ప్రాణమైన రాగమే చెవిలో మోత అయింది. తీసి విసిరేశాను. రాయి అడ్డుపడి నాళం మెలిపెట్టే నొప్పికి మందే మందు. డైక్లోఫెనాక్ సూది పడ్డాక గానీ మనిషిని కాలేదు. సంగీతంతో జబ్బులు నయమవుతాయని, ఫలానా రాగానికి ఫలానా రోగం పోతుందని చెప్పేవాళ్లు మన దగ్గర చాలామంది. ముత్తుస్వామి దీక్షితులు తన శిష్యుడి కడుపునొప్పి తగ్గడానికి గురుగ్రహం మీద అఠాణా రాగంలో కీర్తన కట్టారని సంప్రదాయంలో చెప్పుకుంటారు. ఆ కథ మీద నాకు గౌరవమే. ఎవరైనా నొప్పితో మెలికలు తిరుగుతుంటే మాత్రం పాట పెట్టి కూర్చోకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఈసారి యూరెటెరోస్కోపీ అన్నారు. మూత్రం దారిలోంచే సన్నని గొట్టం పంపి, లేజర్‌తో ముక్కల్ని పొడిచేసి తీసేయడం. వెన్నులో మత్తు ఇస్తారు, నడుం కింద ఏమీ తెలియదు, మెలకువగా ఉంటారు. ఈ మెలకువ మాటకి నా టెన్షన్ రెట్టింపైంది. మత్తు డాక్టరు ఒకావిడ, ముందురోజు వచ్చి అన్నీ అడిగారు. బీపీ, షుగరు, మందులు పడకపోవడాలు. అన్నీ అయ్యాక, "మీరేమైనా అడగాలా?" అన్నారు. ఇయర్‌ఫోన్ పెట్టుకోవచ్చా అని అడిగాను. ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు, రెండు షరతులతో. సూది గుచ్చేటప్పుడు ఉండకూడదు, ఆ తర్వాత కూడా ఒక్క చెవికే.

ఈ షరతులు ఎంత సబబైనవో తర్వాత తెలిసింది. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. నరానికి మత్తు సూది వేసే ముందు 157 మందిలో కొందరికి మిడజోలం అనే ఆందోళన తగ్గించే మందు, కొందరికి హెడ్‌ఫోన్లలో సంగీతం ఇచ్చి చూశారు. ఆందోళన తగ్గడంలో రెండూ దాదాపు సమానంగా నిలిచాయి. రోగుల సంతృప్తి మందు తీసుకున్నవాళ్లలో ఎక్కువగా ఉంది, పైగా హెడ్‌ఫోన్లవల్ల డాక్టర్లకీ రోగులకీ మాట అందడం కష్టమైంది. అక్కడ వాళ్లు అందరికీ ఒకే సంగీతం ఇచ్చారు, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు పెట్టారు. ఒక చెవికి మనవాడి సన్నాయి, రెండో చెవికి డాక్టరు గారి గొంతు అన్న మా పద్ధతే మేలనిపిస్తుంది నాకు.

వెన్నులో సూది అప్పుడు సంగీతం లేదు. ఒక సిస్టర్ ఎదురుగా నిలబడి నా భుజాలు పట్టుకుని, "గడ్డం గుండెకి ఆనించండి, నడుం బయటికి తోయండి, కదలొద్దు" అంది. ఆవిడ చేతుల బలమే ఆ నిమిషానికి నాకు ధైర్యం. కాసేపటికి కాళ్లు వెచ్చబడ్డాయి, తర్వాత బరువెక్కాయి, ఆ తర్వాత నావి కాకుండా పోయాయి. ఒళ్లు వణకడం మొదలైంది. వెన్ను మత్తులో ఇది మామూలేనట. వెచ్చటి దుప్పటి కప్పి, కుడి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి, ఫోను నా చేతి దగ్గరే ఉంచారు.

అప్పుడు వచ్చింది నేను ఊహించని ఇబ్బంది. వేలికి తగిలించిన ఆక్సిజన్ క్లిప్పు తాలూకు యంత్రం గుండె కొట్టుకున్నప్పుడల్లా "బీప్" అంటుంది. ఆ బీప్‌కి ఒక స్థాయి ఉంది. అది సన్నాయి శ్రుతికి పక్కనే, కొంచెం పైగా పడింది. శ్రుతి కలవని తంబురా పక్కన కూర్చుని పాట విన్నట్టే. పళ్లు కొరుక్కున్నాను. శబ్దం తగ్గించడం కుదురుతుందా అని అడిగితే మత్తు డాక్టరు గారు, "అది మాకు కావాలండీ. ఆక్సిజన్ తగ్గితే ఆ శబ్దం కిందికి దిగుతుంది. నేను తెర చూడకపోయినా చెవికి తెలుస్తుంది" అన్నారు. ఆ మాట వినగానే ఆ బీప్ మీద నా కోపం పోయింది. నేను రాగం విన్నట్టే ఆవిడ నన్ను వింటున్నారు. నా ఒంట్లో ఏమాత్రం అపశ్రుతి వచ్చినా ముందు ఆవిడ చెవికే తెలుస్తుంది.

కానీ చెవికి సర్దుబాటు కావాలి కదా. ఫోనులో వెతికి, సన్నాయి ఆపి, డోలు ఒక్కటే వాయించిన భాగం పెట్టాను. మేళంలో సన్నాయి ఆగిపోయి డోలు వాళ్లు తమ విద్య చూపించే ఘట్టం. అందులో రాగం లేదు కాబట్టి బీప్‌తో శ్రుతి గొడవ లేదు. బీప్ నా గుండె వేగం, డోలు దాని మీద నడకలు మారుస్తూ పోతోంది. కాళ్ల వైపు కట్టిన తెర అవతల డాక్టరు గారు "లేజర్ ఆన్" అంటున్నారు, చిటచిట శబ్దం వస్తోంది, ఎవరో బయట లాగుతున్నట్టు ఒక ఒత్తిడి తెలుస్తోంది తప్ప నొప్పి లేదు. వణుకు ఎప్పుడు ఆగిందో గుర్తులేదు. అది మందువల్లా, దుప్పటివల్లా, డోలువల్లా అంటే మూడిటివల్లా అనే చెబుతాను. డోలుకి ఒక్కదానికే ఆ పేరు కట్టబెట్టను. గుండె వేగం మాత్రం వంద దాటినది ఎనభైల్లోకి వచ్చిందని డాక్టరు గారు చూసి చెప్పారు.

ముక్కలన్నీ వచ్చేశాయి. నాళం వాపు తగ్గేదాకా లోపల స్టెంట్ పెట్టారు. డీజే స్టెంట్ అంటారు, రెండు చివర్లా కొక్కెంలా వంగి ఉంటుంది, ఒక కొస కిడ్నీలో, ఒక కొస మూత్రాశయంలో. ఇది పెట్టించుకున్నవాళ్లకి తెలుసు దీని సతాయింపు. ఎప్పుడూ మూత్రం వస్తున్నట్టే ఉంటుంది, పోసేటప్పుడు నడుములోకి పొడుస్తుంది. నాళాన్ని వదులుచేసే టామ్‌సులోసిన్ మాత్రలు కొంత సర్దాయి. రాత్రిళ్లు నీలాంబరి వింటూ పడుకునేవాణ్ని. జోలపాటలకి వాడే రాగం. నిద్ర పట్టించడంలో దాని సాయం ఉంది. పొడిచే పోటుకి మాత్రం లేదు. ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. నొప్పి తగ్గిందని స్టెంట్ తీయించుకోవడం వాయిదా వేసేవాళ్లున్నారు. నెలల తరబడి లోపల మర్చిపోతే దాని మీదే రాళ్లు పేరుకుంటాయి. డాక్టరు చెప్పిన తేదీకి వెళ్లి తీరాలి.

స్టెంట్ తీసేటప్పుడు వెన్ను మత్తు లేదు. మగవాళ్లకి ఇది కొంచెం కఠినమే. మొద్దుబార్చే లిగ్నోకెయిన్ జెల్ ఎక్కించి, కొన్ని నిమిషాలు ఆగి, సిస్టోస్కోపు అనే మూత్రాశయంలోకి చూసే గొట్టం లోపలికి పంపి, స్టెంట్ కొస పట్టుకుని లాగేస్తారు. పని ఒకటి రెండు నిమిషాలదే. ఆ గదిలోకి ఫోను తీసుకురానివ్వలేదు. డాక్టరు గారు, "మూత్రం పోస్తున్నట్టు వదులుగా ఉండండి, బిగించారంటే నొప్పి" అన్నారు. బిగించకుండా ఉండమని చెప్పినంత మాత్రాన ఉండగలిగితే ఇంకేం. గొట్టం తగలగానే ఊపిరి దానంతటదే ఆగిపోయింది, కింద అంతా బిగుసుకుంది. ఏం చేయాలో తోచక కూనిరాగం తీయడం మొదలుపెట్టాను. ఖరహరప్రియే, నోరు మూసుకుని, ముక్కులోంచి. కూనిరాగం తీయాలంటే ఊపిరి మెల్లగా బయటికి వదలాల్సిందే. ఊపిరి వదులుతుంటే ఒళ్లు బిగుసుకోదు. డాక్టరు గారు ఒక్క క్షణం ఆగి, "బాగుంది, ఆపకండి, అలాగే పాడండి" అన్నారు. నా గొంతు బాగుంటుందని కాదు, గొట్టం సులువుగా పోయిందని. మంట తెలిసింది, బాగానే తెలిసింది. పై షడ్జమం దాకా వెళ్లకముందే స్టెంట్ బయటికొచ్చేసింది.

రాయిని పరీక్షకి పంపితే కాల్షియం ఆక్సలేట్ అని వచ్చింది. రోజుకి రెండున్నర లీటర్ల దాకా మూత్రం వచ్చేలా నీళ్లు తాగాలని, ఉప్పు తగ్గించాలని చెప్పారు. పాలు, పెరుగు మానేయమంటారేమో అనుకున్నాను, అవి మామూలుగా తీసుకోవాల్సిందేనట. ఆవకాయ విషయంలో మాత్రం మా ఆవిడ కాపలా గట్టిది. ఇప్పుడు కొట్టులో నా గల్లాపెట్టె పక్కన పెద్ద నీళ్ల సీసా ఉంటుంది. కాటా దగ్గరికి వెళ్లినా చేతిలో పట్టుకునే వెళ్తాను. ఏడాది తర్వాత స్కానింగులో రెండు కిడ్నీలూ శుభ్రంగా ఉన్నాయి.

ఆ మధ్య మా ముఠా మేస్త్రికి కూడా రాయి పడింది. లిథోట్రిప్సీ అన్నారట. యార్డులో నా దగ్గరికొచ్చి, "గుమాస్తా గారూ, మీరు అప్పుడు ఏదో ఇనుకుంటా చేయించుకున్నారంట గదా, నాకూ అది ఎక్కించండి" అని ఫోను చేతిలో పెట్టాడు. నాదస్వరం ఎక్కించబోయి ఆగాను. ఆయనకి సన్నాయి అంటే పెళ్లి హడావుడే గుర్తొస్తుంది. ఏం ఇష్టమని అడిగితే, పౌరాణిక నాటక పద్యాలు అన్నాడు. వాళ్ల ఊళ్లో తిరునాళ్లకి తెల్లవార్లూ నాటకాలు చూసిన మనిషి. పద్యం అయ్యాక నటుడు తీసే రాగం ఉంటుంది చూడండి, జనం ఈలలు వేసేదాకా లాగుతూ పోయేది, అదంటే ప్రాణమట. తాళం లేని రాగం, ఊపిరి తెలిసే రాగం, పైగా మనిషికి నోటికొచ్చినది. ఇంతకన్నా ఏం కావాలి! నెట్ మీద ఆధారపడకుండా, మధ్యలో ప్రకటనలు రాకుండా, ఫోనులోకి దించి, వరసగా పేర్చి ఇచ్చాను. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకో, ఒక్క చెవికే పెట్టుకో, నొప్పి ఎక్కువైతే ఓర్చుకోకుండా చెప్పు, మందు ఇస్తారు అని మరీ మరీ చెప్పి పంపాను.

వారం తర్వాత యార్డుకి వచ్చాడు. రాయి బాగా పొడైందట, ఇసుకలాగా పడుతోందట. బల్ల మీద ఎలా గడిచిందని అడిగాను. నొప్పి ఉందన్నాడు. మధ్యలో పవర్ పెంచుతూ టెక్నీషియన్, "మేస్త్రి గారూ, కాసేపు ఆపమంటారా?" అని అడిగాడట. "ఉండు బాబూ, రాగం అయిపోనీ" అన్నానన్నాడు.